ఆ కలలో ఎవరి బాల్యం?

మొత్తం ఇరవై నాలుగు బార్లు. ఒక్కో బారుకి నాలుగు దెబ్బలు. మొదటి ఎనిమిదింటినీ రెండుసార్లు వాయిస్తారు. మాటలు లేవు, వెనక వాద్యబృందం లేదు. ఒక పియానో, రెండు చేతులు, అంతే. వేళ్ళు పరిగెత్తించి గొప్పతనం చూపించుకునే అవకాశం కూడా ఇందులో లేదు. అయినా నూట ఎనభై ఏళ్ళు దాటినా ‘ట్రాయ్‌మెరై’ అనే ఈ చిన్న రచన వినేవాళ్ళని కదిలిస్తూనే ఉంది. ఆ జర్మన్ మాటకి కలలో తేలిపోవడం అని అర్థం. రాబర్ట్ షూమన్ 1838లో రాసిన ‘కిండర్‌స్సీనెన్’, అంటే ‘బాల్య దృశ్యాలు’, అనే పదమూడు చిన్న రచనల మాలలో ఇది ఏడవది. సరిగ్గా నడిమి పూస. 1839లో లైప్‌జిగ్‌లో అచ్చయింది. బాల్యమంటే ఇలా వినిపిస్తుందని పాశ్చాత్య సంగీత ప్రపంచం నమ్ముకున్న నాదం ఇది.

మన స్వరాల్లో చెప్పుకుంటే మంద్ర పంచమం నుంచి షడ్జమానికి వచ్చి అక్కడ కాసేపు ఆగుతుంది. తర్వాత ఒక్కొక్క మెట్టూ ఎక్కి తారస్థాయి షడ్జమాన్ని తాకి, తొందర లేకుండా కిందికి దిగుతుంది. రెండోసారి అదే దారిలో వెళ్ళి ఇంకాస్త పైకి, తార గాంధారం దాకా చేరుతుంది. ఇలా ఎక్కి దిగడం ఆరుసార్లు జరుగుతుంది. ఆఖరిసారి అదే ఎత్తుకి చేరినప్పుడు కింద మోగే స్వరాల కలయిక మారిపోతుంది. అక్కడ వాయించేవాళ్ళు కాలాన్ని ఆపి నిలబడాలని గుర్తు పెట్టి ఉంటుంది. అంతకుముందు చూసిన చోటే ఇంకోలా కనిపించినట్టుంటుంది. పెద్దవాళ్ళు తమ చిన్నతనం వైపు తిరిగి చూసుకోవడం ఇలాగే ఉంటుంది కదా అనిపిస్తుంది.

నా ప్రశ్న అక్కడే మొదలవుతుంది. అలా తిరిగి చూసుకోవడానికి ముందు ఒక బాల్యం ఉండాలి. అది తనదై ఉండాలి. దాన్ని కలగా మార్చుకునే తీరిక ఉండాలి. ఈ మూడూ ఎవరికి దొరికాయి?

ఈ సంగీతం మొట్టమొదట ఎవరికోసం రాసిందో మనకి తెలుసు. 1838 మార్చిలో రాబర్ట్ తన ప్రియురాలు క్లారా వీక్‌కి రాసిన ఉత్తరం మిగిలి ఉంది. అతనికి ఇరవై ఏడేళ్ళు, ఆమెకి పద్ధెనిమిది. అప్పుడామె వియన్నాలో కచేరీలు చేస్తోంది. మీరు అప్పుడప్పుడు నాకు చిన్నపిల్లాడిలా కనిపిస్తారని ఆమె ఒకసారి అన్న మాటకి ఇవి ప్రతిధ్వని అయి ఉండొచ్చని అతను రాశాడు. ఓ ముప్పై దాకా చిన్న చిన్నవి రాసి, వాటిలోంచి ఓ పన్నెండు ఏరి, బాల్య దృశ్యాలని పేరు పెట్టానన్నాడు. ఇవి నీకు నచ్చుతాయి, కాకపోతే నువ్వొక విద్వాంసురాలివన్న సంగతి మర్చిపోవాల్సి ఉంటుంది అని కూడా అన్నాడు.

ప్రేమలేఖలో చనువుగా అన్న మాటని బోనులో నిలబెట్టాలని నాకు లేదు. సంగీతపరంగా అది మంచి సలహాయే. ఈ రచనల్లో ఆడంబరం పనికిరాదు. కానీ అదే మార్చి నెలలో వియన్నాలో ఏం జరిగిందో పక్కన పెట్టి చూడండి. ఆస్ట్రియా చక్రవర్తి క్లారాకి ఆస్థాన విద్వాంసురాలి బిరుదు ఇచ్చాడు. పరదేశీయురాలు, ప్రొటెస్టెంటు, పద్ధెనిమిదేళ్ళ ఆడపిల్ల. అలాంటి మనిషికి ఆ గౌరవం దక్కడం అసాధారణం. ఊరంతా ఆమె పేరే. గ్రిల్‌పార్ట్‌సర్ అంతటి కవి ఆమె బీతోవెన్ వాయించిన తీరు మీద పద్యం రాశాడు. హోటళ్ళలో ఆమె పేరుతో కేకులు అమ్మారు. సరిగ్గా ఆ వారాల్లోనే బాల్యాన్ని అనుభవించాలంటే విద్వత్తుని మర్చిపొమ్మని ఉత్తరం వచ్చింది. అందరికీ బాల్యం ముందు, విద్య తర్వాత. క్లారాకి ఆ రెండూ వేరు కావు. ఆమె విద్వత్తుని పక్కన పెడితే గుర్తుచేసుకోవడానికి మిగిలే బాల్యం ఎంత?

ఇక్కడ ఇద్దరినీ మొదటి పేర్లతోనే పిలుస్తున్నాను. సంగీత చరిత్రలో అతను ‘షూమన్’, ఆమె ‘క్లారా’. ఆమె ఇంటిపేరు మొదట తండ్రిది, తర్వాత భర్తది. అందుకని ఇద్దరికీ ఒకే మర్యాద.

క్లారా 1819 సెప్టెంబరు 13న లైప్‌జిగ్‌లో పుట్టింది. తండ్రి ఫ్రెడరిక్ వీక్ పియానో గురువు, పియానోల వ్యాపారి. తల్లి మారియాన్నె ట్రోమ్లిట్జ్ గాయని, పియానో వాద్యకారిణి. ఆ ఊళ్ళోనే పేరున్న గెవాండ్‌హౌస్ సభామందిరంలో పాడిన మనిషి. 1824లో ఆమె భర్త ఇల్లు వదిలి బయటికి వచ్చింది. మరుసటి ఏడు విడాకులు. ఆనాటి సాక్సనీ చట్టం ప్రకారం పిల్లలు తండ్రి సొత్తు. ఐదో పుట్టినరోజు రాగానే క్లారాని తల్లి చేతుల్లోంచి తండ్రికి అప్పగించారు. నాలుగేళ్ళు దాటేదాకా ఆ పిల్ల సరిగ్గా మాట్లాడలేదు. చెవుడేమో అనుకున్నారు. మాటకంటే ముందు స్వరాలు పట్టుబడ్డాయి. తండ్రి దగ్గర పాఠాలు మొదలయ్యాయి. బడికి వెళ్ళింది చాలా కొద్దికాలం. సాధన, వ్యాహ్యాళి, మళ్ళీ సాధన. తన బోధనా పద్ధతి ఎంత గొప్పదో లోకానికి చూపించడానికి వీక్‌కి సొంత ఇంట్లోనే రుజువు దొరికింది.

1828 అక్టోబరు 20న, తొమ్మిదేళ్ళ వయసులో, గెవాండ్‌హౌస్ వేదిక ఎక్కింది. 1830 నవంబరు 8న అక్కడే తన పేరు మీద తొలి కచేరీ. పన్నెండేళ్ళకి తండ్రి వెంట పారిస్ దాకా కచేరీల యాత్ర. అప్పట్లో ప్రయాణమంటే గుర్రపు బళ్ళు. ప్రతి ఊళ్ళో హాలు కుదుర్చుకోవాలి, టిక్కెట్లు అమ్ముకోవాలి, పియానో సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలి. ఇదంతా తండ్రి చేసేవాడు. వాయించేది పిల్ల. డబ్బు వచ్చేది ఆ వాయింపుకే.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆ పిల్ల డైరీ ఒక ఎత్తు. ఆమెకి ఏడేళ్ళప్పుడు, 1827లో, తండ్రి ఒక డైరీ మొదలుపెట్టాడు. రాసింది తండ్రి, మాట్లాడేది ‘నేను’. ఆ నేను క్లారా. నేను ఫలానా రోజు పుట్టాను, నా తల్లి నా తండ్రిని వదిలి వెళ్ళింది, నేను ఈరోజు బాగా సాధన చేయలేదు. తనని తిట్టిన తిట్లు కూడా తన నోటితోనే. ఆమె స్వయంగా రాయడం మొదలుపెట్టాక కూడా చాలా ఏళ్ళు ఆ డైరీ మీద తండ్రి కన్ను ఉండేది. స్త్రీల డైరీలు, ఉత్తరాలు, స్వీయచరిత్రలు చదివేటప్పుడు వాటిలో స్త్రీ గొంతు కోసం వెతుకుతాం. ఇక్కడ ‘నేను’ అనే మాట కూడా తండ్రి అక్షరాల్లోనే ఉంది. బాల్యాన్ని దోచుకోవడం అంటే ఆటలు లేకుండా చేయడమే కాదు, ఆ బాల్యాన్ని చెప్పుకునే ఉత్తమ పురుషని కూడా ముందే ఆక్రమించుకోవడం.

1830లో ఆ ఇంట్లో వీక్ శిష్యుడిగా రాబర్ట్ దిగాడు. అతనికి ఇరవై, క్లారాకి పదకొండు. క్లారాకీ ఆమె తమ్ముళ్ళకీ సాయంత్రాలు కథలు చెప్పేవాడు. దయ్యాల వేషం వేసి భయపెట్టేవాడు, పొడుపుకథలు విప్పించేవాడు. ఆ ఇంట్లో ఆటవిడుపు దొరికిన కొద్ది వేళల్లో ఇదొకటి. పిల్లాడిలా ఉంటారని ఆమె తర్వాత అన్నమాటకి మూలం ఇక్కడే ఎక్కడో ఉండి ఉంటుంది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే పోలిక ఒకటుంది. 1831లో క్లారా మొదటి రచన, నాలుగు పోలనేజ్ నాట్యగతులు, అచ్చయింది. అప్పుడామె వయసు పదకొండు. పదమూడో ఏట పియానో కంచర్టో మొదలుపెట్టింది. 1835 నవంబరులో, పదహారేళ్ళప్పుడు, మెండెల్‌సన్ నిర్వహణలో గెవాండ్‌హౌస్‌లో తానే వాయించింది. అంటే నిజంగా పిల్లగా ఉన్నప్పుడు ఆమె పెద్దవాళ్ళ హాళ్ళకోసం, పెద్దవాళ్ళ నాట్యాలు రాసింది. పెద్దవాడయ్యాక అతను బాల్యాన్ని రాశాడు. లోకానికి బాల్యసంగీతంగా మిగిలింది రెండోదే. పిల్ల రాసిన సంగీతం చాలాకాలం ఒక బాలమేధావి చరిత్రలో చిన్న వివరంగా ఉండిపోయింది.

రాబర్ట్ బాల్యం పూలబాట అని నేననడం లేదు. 1810లో త్స్వికావు పట్టణంలో ఐదుగురు పిల్లల్లో ఆఖరివాడిగా పుట్టాడు. పసితనంలోనే తల్లికి టైఫస్ జ్వరం వస్తే, పిల్లాణ్ణి వేరే ఇంట్లో పెట్టారు. రెండేళ్ళకి పైగా అక్కడే పెరిగాడు. పదహారేళ్ళకి తండ్రి పోయాడు. ఆ ఎడబాటు జాడ ‘ట్రాయ్‌మెరై’లో ఉందని ఎవరైనా అంటే కాదనను. కానీ తండ్రి పుస్తకాల వ్యాపారి కావడంతో ఇంటినిండా పుస్తకాలు. వాటి మధ్య తన ఇష్టప్రకారం చదువుకున్నాడు, రాసుకున్నాడు. న్యాయశాస్త్రం చదవమంటే మొదట వెళ్ళి, తర్వాత తల్లిని ఒప్పించి సంగీతానికి వచ్చాడు. అతని దుఃఖం అతనిదే, అతని డైరీ కూడా అతనిదే. గాయాన్ని కలగా మార్చుకోవాలన్నా ఆ గాయం మీద హక్కు ఉండాలి.

క్లారా ఆ హక్కుకోసం కోర్టుకెళ్ళింది. పెళ్ళికి తండ్రి ఒప్పుకోలేదు. మొండికేసి, క్లారా ఏడేళ్ళ కచేరీల సంపాదనలోంచి రెండువేల థాలర్లు తమ్ముళ్ళకి వదిలేయాలని, తన పియానో, తన సామాన్లు కావాలంటే వెయ్యి థాలర్లు కట్టాలని షరతులు పెట్టాడు. ఆ పిల్ల పది, పన్నెండు, పదిహేనేళ్ళ వయసుల్లో వాయించి తెచ్చిన డబ్బు అది. 1839లో ఆమె వెళ్ళి తలదాచుకున్నది ఎక్కడో తెలుసా? బెర్లిన్‌లో తల్లి దగ్గర. ఐదేళ్ళ పిల్లని చట్టం పేరుతో పోగొట్టుకున్న మారియాన్నె ఇరవయ్యేళ్ళ కూతురికి తలుపు తీసింది, పెళ్ళికి సమ్మతి తెలిపింది. జీవితచరిత్రల్లో తండ్రికీ ప్రియుడికీ మధ్య జరిగిన పోరాటంగా చెప్పే ఈ కథలో తల్లీకూతుళ్ళు మళ్ళీ కలుసుకున్న కథ మరుగున పడిపోయింది. 1840 ఆగస్టు 1న కోర్టు అనుమతి వచ్చింది. సెప్టెంబరు 12న, ఇరవై ఒకటో పుట్టినరోజుకి ఒక్కరోజు ముందు, పెళ్ళి. సొంత సంపాదన కోసం తండ్రితో పోట్లాడాల్సి వచ్చిన ఆ అమ్మాయి బొమ్మే 1990 నుంచి, 2002లో యూరో నోట్లు వచ్చేదాకా, జర్మనీ వంద మార్కుల నోటు మీద ఉంది.

పెళ్ళయ్యాక బాల్యం మళ్ళీ ఇంట్లోకి వచ్చింది, ఈసారి పనిగా. 1841 నుంచి 1854 దాకా ఎనిమిది కాన్పులు. రాబర్ట్ రాసుకునేటప్పుడు పియానో శబ్దం అడ్డం కాబట్టి ఆమె సాధన ఆగిపోయేది. పిల్లలు, ఎప్పుడూ ఊహల్లో ఉండే భర్త, వీటితో స్వరరచన పొసగదని, ఆమె ఆలోచనలు ఎన్నో మరుగున పడిపోతున్నాయని రాబర్ట్ స్వయంగా తమ ఉమ్మడి డైరీలో బాధపడ్డాడు. బాధ నిజమే, ఏర్పాటు మాత్రం మారలేదు.

1848లో పెద్దకూతురు మారీ ఏడో పుట్టినరోజుకని మొదలుపెట్టి అతను నిజంగా పిల్లలు వాయించుకునే సంగీతం రాశాడు. అదే ‘యువజనుల ఆల్బం’. ‘బాల్య దృశ్యాలు’ పెద్దవాళ్ళు పెద్దవాళ్ళకోసం చేసుకున్న జ్ఞాపకాలని, ఇది పిల్లలదని తనే తేడా చెప్పాడు. ఆ మరుసటి ఏడు మే నెలలో డ్రెస్డెన్‌లో తిరుగుబాటు లేచింది. పౌరసేనలోకి మగవాళ్ళని పట్టుకుపోతున్నారు. క్లారా భర్తనీ మారీనీ తీసుకుని ఊరు దాటింది. మిగతా ముగ్గురు పిల్లలు పనిమనిషి దగ్గర ఇంట్లోనే ఉండిపోయారు. ఏడో నెల గర్భంతో ఆమె తెల్లవారుజామున పొలాలకి అడ్డంపడి నడిచి, ఆయుధాలు పట్టుకున్నవాళ్ళ మధ్యనుంచి ఊళ్ళోకి వెళ్ళి, నిద్రపోతున్న పిల్లల్ని లేపి వెంటబెట్టుకుని వచ్చింది. రాబర్ట్ రాసిన పదమూడు దృశ్యాల్లో ఇలాంటి దృశ్యం లేదు. ఉండాలని కూడా నేననను. కానీ బాల్యానికి ఇంకో వైపు నిలబడి, దాన్ని కాపాడే మనిషి ఉంటుందని, ఆ మనిషికి కలగనే తీరిక ఉండదని చెప్పడానికి ఈ ఒక్క రాత్రి చాలు.

1854 ఫిబ్రవరిలో రాబర్ట్ రైన్ నదిలో దూకాడు. బతికించి, ఎండెనిక్‌లో మానసిక చికిత్సాలయంలో చేర్చారు. 1856 జులైలో చనిపోయాడు. ముప్పై ఆరేళ్ళ క్లారా మీద బతికున్న ఏడుగురు పిల్లల భారం పడింది. ఆమెని నిలబెట్టింది మర్చిపొమ్మన్న ఆ విద్యే. తర్వాత ముప్పై ఏళ్ళకి పైగా ఊరూరా వాయించింది. ఆమె కచేరీల కార్యక్రమ పత్రాలు పదమూడు వందల దాకా భద్రంగా ఉన్నాయి. పిల్లల్ని బంధువుల ఇళ్ళలో, హాస్టళ్ళలో పెట్టి తిరిగింది. ఆ ఎడబాటుకి ఆమెని తప్పుపట్టినవాళ్ళు ఉన్నారు. వాళ్ళ అన్నం ఎక్కడినుంచి వస్తుందో అడిగినవాళ్ళు తక్కువ. తల్లినుంచి విడదీసిన పిల్ల తానే తల్లయ్యాక పిల్లల్ని విడిచి వెళ్ళాల్సి రావడం నాకు చదివిన ప్రతిసారీ గొంతుకి అడ్డం పడుతుంది.

రాబర్ట్ సమగ్ర రచనలకి సంపాదకురాలు కూడా ఆమే. విద్యార్థుల కోసం చేసిన ప్రత్యేక ముద్రణలో ఎంత వేగంతో వాయించాలో అంకెలు వేసింది. ‘ట్రాయ్‌మెరై’కి మొదటి ముద్రణలో నిమిషానికి నూరు దెబ్బలని ఉంటే, ఆమె ఎనభై అంది. లెక్కేస్తే, రాబర్ట్ అంకెతో అది నిమిషంన్నర లోపే అయిపోతుంది. క్లారా అంకెతో నిమిషంన్నర మీద కొన్ని సెకన్లు. ఈనాటి వేదికల మీద అది రెండున్నర, ఒక్కోసారి మూడు నిమిషాలు సాగుతుంది. అతని మెట్రోనోమ్ చెడిపోయిందన్న వాదన కూడా ఉంది. దాని సంగతి ఎలా ఉన్నా తరం మారేకొద్దీ మనం ఆ బాల్యాన్ని ఇంకా ఇంకా నెమ్మది చేసుకుంటూ వచ్చామన్నది వాస్తవం. బాల్యం ఎంత దూరమైతే అంత తీపి. క్లారా అంకెలో ఆ సాగదీత లేదు. అది నడుస్తుంది. ఎక్కడికో వెళ్ళాల్సిన పని ఉన్న మనిషి నడక.

ఈ తీపిని సినిమాలు బాగా వాడుకున్నాయి. 1944లో జర్మనీలో ‘ట్రాయ్‌మెరై’ పేరుతోనే ఈ దంపతుల మీద సినిమా వచ్చింది. 1947లో హాలీవుడ్ ‘సాంగ్ ఆఫ్ లవ్’లో కేథరిన్ హెప్‌బర్న్ క్లారా వేషం వేసింది. తెర మీద ఆమె త్యాగమూర్తి, ఈ సంగీతం ఆ త్యాగానికి హారతి. తొమ్మిదేళ్ళకి వేదికెక్కి డెబ్బై దాటాక దిగిన ఉద్యోగిని, సంపాదకురాలు, గురువు ఆ హారతి పొగలో కనిపించదు.

గురువు అన్న మాట దగ్గర నాకు కొంత ఊరట దొరుకుతుంది. 1878 నుంచి 1892 దాకా క్లారా ఫ్రాంక్‌ఫర్ట్‌లోని హోఖ్ కన్సర్వేటరీలో పియానో నేర్పింది. ఆమె పోయింది 1896లో. ఆమె వాయించింది వినే యోగం మనకి లేదు. కానీ ఆమె శిష్యురాళ్ళలో ఫ్యానీ డేవిస్ 1929లోనూ, అడెలీనా డి లారా 1951లోనూ ‘బాల్య దృశ్యాలు’ మొత్తం రికార్డు చేశారు. అప్పటికి ఇద్దరూ వయసు మళ్ళినవాళ్ళు. గురువు తమకి నేర్పినదాన్ని అప్పగించి వెళ్ళడం బాధ్యతగా తీసుకున్నవాళ్ళు. తండ్రి రాసిన డైరీలో దొరకని క్లారా ఈ ఇద్దరు ఆడవాళ్ళ వేళ్ళలో ఎంతో కొంత దొరుకుతుంది.

‘ట్రాయ్‌మెరై’ వినడం మానేయాలని నేనెప్పుడూ అనుకోలేదు. అది అందమైనది, నిజాయితీ గలది. ఒక మగవాడు తనలోని పిల్లాణ్ణి దాచుకోకుండా చూపించుకోవడం ఆ కాలానికి చిన్న సంగతి కూడా కాదు. కానీ ఆ కల గాలిలో తేలుతూ మనదాకా రాలేదు. ఒక ఆడపిల్ల ఆటలు మాని చేసిన సాధన మీద, ఒక వితంతువు రైళ్ళలో తిప్పిన కచేరీల మీద, ఇద్దరు ముసలి శిష్యురాళ్ళ జ్ఞాపకం మీద నడిచి వచ్చింది. తాను విద్వాంసురాలినన్న సంగతి క్లారా మర్చిపోయి ఉంటే ఆ బాల్యాన్ని ఇంతకాలం మనకి వినిపించేవాళ్ళెవరు?